రెండు వందల పన్నెండో పేజీ

అరుణ నిబంధన తప్పింది.

వాళ్ళ బృందానికి ఉన్నదే ఒక్క నిబంధన. పుస్తకంలో ఎవరూ ముందుకు వెళ్ళి చదవకూడదు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి అందరూ కూర్చున్నాకే తెరవాలి. ఆపిన చోట రిబ్బను పెట్టి మూసెయ్యాలి. మళ్ళీ ఆదివారం దాకా అది బీరువాలోనే ఉండాలి.

ఆ నిబంధన పెట్టిన అమ్మాయి పేరు మృదుల. ఆమె చనిపోయి ఆరు నెలలు దాటింది.

గురువారం మధ్యాహ్నం నానమ్మ కునుకు తీస్తుండగా అరుణ బీరువా తెరిచింది. రిబ్బను నూట తొంభై ఎనిమిదో పేజీలో ఉంది. ఆమెకు కావలసింది రెండు వందల పన్నెండో పేజీ. అక్కడికి చేరడానికి అయిదు సెకన్లు పట్టింది. అక్కడున్న ఏడు వరసలు చదవడానికి మరో అరనిమిషం.

తరవాత ఆమె బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

గీ ముచ్చట మృదులోళ్ళ అమ్మకు ఎట్ల చెప్పాలె?

*

ల్యాంటర్న్ సిక్స్ అనేది ఆరుగురు కొరియా కుర్రాళ్ళ పాటల బృందం. ఆరుగురూ ఆరు లాంతర్లు. వాళ్ళ అభిమానులను కంపెనీవాళ్ళు 'విక్స్' అంటారు. వత్తులన్నమాట. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కొత్తపేటలో కళ్ళద్దాల షాపులో పనిచేసే స్నేహితురాలు తేజస్విని దాన్ని తెలుగు చేసేసింది. "మనం వత్తులమే. నూనె పోసేవాళ్ళే లేరు," అనేది. తేజస్వినిది భీమవరం.

అరుణ, మృదుల మొదటిసారి కలుసుకున్నది ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్లో. ఇద్దరి బ్యాగులకూ ఒకటే రకం బుల్లి లాంతరు వేలాడుతోంది. ఎస్కలేటర్ దిగేలోపు స్నేహితులైపోయారు. ఆ తరవాత ఆరుగురిలో ఒకడు, హాజున్, బృందాన్ని వదిలి వెళ్ళిపోయాడు. ఆ వారం ఇద్దరూ స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఎవరో పెద్దమనిషి ఆగి, "రిజల్ట్స్ వచ్చాయా అమ్మా?" అని అడిగి ఓదార్చి వెళ్ళాడు కూడా.

కంపెనీవాళ్ళు బృందం అధికారిక చరిత్రను పుస్తకంగా వేస్తున్నామని ప్రకటించారు. హాజున్ వెళ్ళిపోయిన అధ్యాయంలో అభిమానుల ఉత్తరాలు కూడా వేస్తామన్నారు. ఏ భాషలో రాసినా సరే, తామే అనువదించుకుంటామన్నారు. మృదుల రాసింది. ఎంపికైందని మెయిల్ వచ్చింది. ఏం రాసిందో స్నేహితులకు చెప్పలేదు.

"పుస్తకంలోనే చదవండి. అదీ అందరం కలిసి. ముందుకెళ్ళి చదివినవాళ్ళు వత్తి కాదు," అంది.

ఆగస్టు చివర్లో ఆమెకు డెంగీ జ్వరం వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో పోయింది. పుస్తకం డిసెంబరులో వచ్చింది.

అది వచ్చింది మీర్‌పేట్‌లోని మృదుల ఇంటికి. అందుకున్నది ఆమె తల్లి సంధ్యారాణి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గల్లీలో చీరలకు ఫాల్స్ కుట్టి, పికో చేసే చిన్న షాపు ఆమెది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలదు. అంతకుమించి రాదు. ఆ పార్సెల్‌ను విప్పకుండానే పట్టుకుని, అడ్రసు కనుక్కుని, కర్మన్‌ఘాట్‌లో అరుణ వాళ్ళింటికి వచ్చింది. అరుణ తండ్రి ధనరాజ్ కట్టించిన మూడంతస్తుల ఇంటి పైన పెంట్‌హౌస్ ఉంది. అమ్మాయిలు కూర్చునేది అక్కడే.

"మీరందరూ కలిసి చదువుకుంటారని చెప్పేది," అంది సంధ్యారాణి, పార్సెల్ ఒళ్ళో పెట్టుకుని. "నేనూ కూర్చుంటానమ్మా. తెలుగులో చెబుతారా?"

అరుణ పార్సెల్ విప్పి విషయసూచిక చూసింది. ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు అందులోనే ఉన్నాయి. మృదుల, హైదరాబాద్, రెండు వందల పన్నెండు.

"ఆంటీ, గీ పేజీల ఉంది. ఇప్పుడే చదివి చెప్పాల్నా?"

"వద్దు!" అంది సంధ్యారాణి. చెయ్యి అడ్డం పెట్టేసింది. "వద్దమ్మా. అదొక్కటే చదివేస్తే నిమిషంలో అయిపోతుంది. తరవాత నాకింకేముంటుంది? దాని పద్ధతిలోనే, వరసలో రానివ్వు."

ఆ రోజు మెట్లు దిగుతూ ఆమె అసలు సంగతి చెప్పింది. ఆగస్టులో ఒకరోజు పదింటికి, ఎప్పటిలాగే, కూతురి ఫోన్లో పాట మధ్యలో ఆపేసింది. పొద్దున్నే కాలేజీ ఉంది, పడుకోమంది. మృదులకు రోషం వచ్చింది. "నీ గురించి వాళ్ళకి ఉత్తరం రాశాను. పుస్తకంలో వేస్తారు. నువ్వెలాంటిదానివో ప్రపంచమంతా చదువుద్ది," అంది.

మరో వారానికి జ్వరం. మొదటి రెండు రోజులూ, పాటలు వింటూ నిద్ర చెడగొట్టుకుని తెచ్చుకున్న జ్వరమే అనుకుంది తల్లి. ఆ మాట పైకే అంది. మూడో రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

"తిట్టి ఉంటే తిట్టిందనే చెప్పమ్మా," అంది సంధ్యారాణి, గేటు దగ్గర. "ఏమంటుందో తెలియకుండా ఉండటం ఇంకా కష్టంగా ఉంది."

అలాగేనంది అరుణ.

*

ఆదివారాలు గడిచాయి. అరుణ ఇంగ్లీషులో ఒక పేరా చదివి తెలుగులో చెప్పేది. తేజస్విని ఫోన్లో ఆ సంవత్సరపు ఫోటోలు వెతికి చూపించేది. సంధ్యారాణి స్టీలు డబ్బాలో జంతికలో, చెక్కలో తెచ్చేది. అరుణ నానమ్మ సోమమ్మ మంచం మీద కూర్చుని వినేది. ఎవరూ పిలవకపోయినా, మృదులతో కలిపి లెక్కేస్తే ఆమె అయిదో వత్తి.

"గా ఎర్రజుట్టు పోరడు మళ్ళ అలిగిండా?" అనేది సోమమ్మ.

"అలగలే నానమ్మా. మోకాలికి దెబ్బ తాకింది. ఆపరేషన్ అయింది."

"తాకదా మరి! గా దుంకుడేంది, గా గిరగిర తిరుగుడేంది? తల్లి ఉందా పోరనికి?"

"ఉందండి అమ్మమ్మగారూ. బేకరీ నడుపుద్ది," అనేది తేజస్విని. "మీకు ఆ కుర్రోడంటే మోజు బాగా ముదిరిపోయిందండి. సంబంధం అడగమంటారా?"

"నీ నోట్ల మన్నువడ. నా మనుమని లెక్కుంటడే వాడు!"

సంధ్యారాణి నవ్వేది. నవ్వి, వెంటనే తప్పు చేసినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఫిబ్రవరికల్లా ఆమెకు ఆరుగురి పేర్లూ వచ్చాయి. మార్చి మొదటివారంలో హాజున్ వెళ్ళిపోయే అధ్యాయం మొదలైంది. ఆ ఆదివారం ఆమె జంతికలు తేలేదు. తేవడం మరిచిపోయింది. వెళ్ళేటప్పుడు, "వచ్చే వారమే కదమ్మా?" అని మాత్రం అడిగింది. ఒక కాలి చెప్పు మరో కాలికి వేసుకుంది.

అది చూసే అరుణ గురువారం బీరువా తెరిచింది. ఆంటీ కన్నా ముందు తను తెలుసుకుంటే మంచిదనుకుంది.

ఇప్పుడు తెలిసింది. ఏడు వరసల్లో రెండు ఆమె గుండెలో దిగిపోయాయి. అరుణ మనసులో అవి తెలుగులోకి ఇలా మారాయి: 'మా ఇంట్లో దీపం పేరెత్తితే అమ్మ ఊరుకోదు. దాన్ని గుట్టకు పొమ్మంటది.' ఇంకొకటి: 'మా అమ్మ మీ పాట ఒక్కటి కూడా చివరిదాకా వినలేదు.'

దీపమంటే ల్యాంటర్న్ సిక్సే కదా. వాళ్ళ పేరెత్తితే గుట్టల పాలు కమ్మని తిట్టేదన్నమాట. ఈ మాట ఆ తల్లికి చదివి వినిపించాలి. అదీ కూతురు పోయాక. అదీ ప్రపంచమంతా చదివే పుస్తకంలోంచి.

తేజస్వినికి ఫోన్ చేద్దామనుకుంది. చేస్తే నిబంధన తప్పినట్టు తెలిసిపోతుంది. చెయ్యలేదు. అదే ఆమె చేసిన అసలు తప్పు. తేజస్విని ఆ వరస చూసి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

అరుణ నోట్‌బుక్ తీసింది. శుక్రవారం, శనివారం కూర్చుని మృదుల రాయని ఉత్తరం ఒకటి రాసింది.

*

ఆదివారం సంధ్యారాణి పది నిమిషాలు ముందే వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. జడలో చిన్న మల్లెదండ. పెళ్ళివారింటికి వచ్చినట్టు వచ్చి, గోడవారగా కూర్చుంది.

అరుణ పుస్తకం తెరిచింది. లోపల నోట్‌బుక్ ఉంది. మిగతా ఉత్తరాలు రెండు చదివింది. బ్రెజిల్ నుంచి ఒకటి, పోలండ్ నుంచి ఒకటి. పేజీ తిప్పింది.

"ఇదేనా?" అంది సంధ్యారాణి.

"ఇదే ఆంటీ."

సోమమ్మ కాళ్ళు మడుచుకుని సర్దుకుంది. తేజస్విని ఫోన్ బోర్లా పెట్టింది.

అరుణ చదివింది. "నా ప్రియమైన లాంతర్లారా! నేను హైదరాబాదు నుంచి మృదులను. మీ పాటలు నాకు ధైర్యం. కానీ మీకన్నా పెద్ద ధైర్యం మా అమ్మ. మా అమ్మ రోజంతా కుట్టుపని చేసి నన్ను చదివిస్తుంది. నా మీద కోప్పడినా అది ప్రేమేనని నాకు తెలుసు. వచ్చే జన్మంటూ ఉంటే నేను మా అమ్మకే పుట్టాలి..."

తేజస్విని కళ్ళు తుడుచుకుంది. సోమమ్మ, "బంగారమసొంటి పోరి," అంది.

సంధ్యారాణి ఏడవలేదు. కదలకుండా విన్నది. చదవడం అయిపోయాక చెయ్యి చాపింది.

"ఓసారి ఇలా ఇవ్వమ్మా. దాని పేరు ముట్టుకుంటాను."

అరుణ నోట్‌బుక్‌ను ఒళ్ళోకి జార్చి పుస్తకం ఇచ్చింది. సంధ్యారాణి వేలితో వెతికి కింద పేరు పట్టుకుంది. స్కూలు ఫారాల మీద పదిహేనేళ్ళు రాసిన స్పెల్లింగు అది. పేరు మీద వేలు కాసేపు ఉంచింది. తరవాత ఆ వేలు మెల్లగా పైకి కదిలింది.

"ఏడు," అంది.

"ఏంటండీ?" అంది తేజస్విని.

"ఏడు వరసలున్నాయి. అరుణ చదివింది ఇరవై వరసలకి తక్కువుండదు." ఆమె గొంతులో కోపం లేదు. "నేను ఫాల్ కుట్టేదాన్నమ్మా. బెత్తెడు గుడ్డకి ఎంత దారం పడుతుందో నాకు తెలుసు."

ఆమె వేలు మళ్ళీ పేరు మీదికి వచ్చింది.

"అదీకాక, నా కూతురు నన్ను ఎప్పుడన్నా పొగిడిందంటే ఏదో కావాలని పొగిడేది. వచ్చే జన్మ అదీ ఇదీ అనదు. ఇది మృదుల రాయలేదు."

అరుణ తల వంచుకుంది. ఒళ్ళో నోట్‌బుక్ అందరికీ కనబడుతోంది.

"నువ్వు ముంగటనే చదివినవా?" అంది సోమమ్మ మనవరాలితో.

"చదివిన." అరుణ నోట్‌బుక్ మూసేసింది. "గురువారం చదివిన. ఆంటీ, నన్ను మాఫ్ చెయ్యిండ్రి. అందుల ఉన్నది మీకు చెప్పబుద్ధి కాలే."

"తిట్టిందా?"

అరుణ నోట్‌బుక్ అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

"తిట్టిందనే చెప్పమన్నాను కదమ్మా." సంధ్యారాణి పుస్తకాన్ని తిప్పి అరుణ ముందు పెట్టింది. "ఏడు వరసలూ చెప్పు. ఒక్కటీ వదలొద్దు. నీ మాట కలపొద్దు."

అరుణ కళ్ళు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. ఒక్కో వరస ఇంగ్లీషులో, తరవాత తెలుగులో. మధ్యలో ఏడుపు ఆపుకుంటూ, తన ఇంటి తెలుగులోనే చెప్పింది.

"లాంతర్లకు. నేను హైదరాబాదు వత్తిని."

"ఊఁ."

"హాజున్ పోయినంక అందరు ఒక దీపం చచ్చిపోయిందంటున్నరు."

"ఊఁ."

"మా ఇంట్ల దీపం అట్లంటే అమ్మ ఊకోదు." అరుణ ఆగింది. "దాన్ని... దాన్ని గుట్టకు పొమ్మంటది."

"గుట్టకా?"

"గట్లనే ఉంది ఆంటీ. హిల్ అని. మిమ్మల్ని... వాళ్ళ పాటలంటే మీకు నచ్చదని..."

"హిల్లా?" అంది తేజస్విని. ఒక్కసారిగా లేచి మోకాళ్ళ మీద వచ్చి పుస్తకంలోకి తొంగిచూసింది. "అరుణా! హిల్లంటే గుట్టేంటే? కొండ!"

"రెండొకటే గదా."

"కాదు!" తేజస్విని సంధ్యారాణి వైపు తిరిగింది. కానీ ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సంధ్యారాణి పెదాలు కదులుతున్నాయి. ఇంగ్లీషు రాని ఆ మనిషి ఇంగ్లీషులోంచి కూతురి మాటలను ఒక్కొక్కటే వెనక్కి లాగుతోంది. కుట్టు విప్పినట్టు.

"దీపం ఆరిపోయిందనకూడదు," అంది మెల్లగా. "మా ఇంట్లో అలా అనకూడదు. కొండెక్కింది అనాలి. దానికి నాలుగేళ్ళప్పుడు చెప్పాను. తులసికోట దగ్గర దీపం పోతే ఆరిపోయిందే అని అరిచింది. నోటి మీద కొట్టాను. తప్పు, కొండెక్కిందనమ్మా అన్నాను. ఏ కొండ, ఎందుకెక్కింది, మళ్ళీ ఎప్పుడు దిగుద్ది అని నన్ను చంపుకుతింది."

తెలుగులో రాసిన మాట కొరియాకు వెళ్ళింది. కొరియా భాషలోంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషులోంచి కర్మన్‌ఘాట్‌కు వచ్చింది. వచ్చేసరికి కొండ కాస్తా గుట్ట అయింది.

"గదా సంగతి!" అంది సోమమ్మ. "మేం బియ్యం అయిపోయినయ్ అనం. నిండినయ్ అంటం. గసొంటిదే."

అరుణ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"చదువమ్మా," అంది సంధ్యారాణి. "ఇంకా ఉన్నాయి."

తిట్టు లేదని తేలిపోయినట్టే అనిపించింది తేజస్వినికి. ఆమె మొహంలో వెలుగు వచ్చింది. కానీ అరుణకు కింద వరసలు తెలుసు. వాటిని ఏ భాషలోకి ఎలా తిప్పినా అర్థం మారదు.

"మా అమ్మ మీ పాట ఒక్కటి గూడ చివరిదాక వినలే. పదింటికి బొటనవేలుతోని ఆపేస్తది."

సంధ్యారాణి తన బొటనవేలు వైపు చూసుకుంది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కొస గట్టిపడిన వేలు.

"ఒకరోజు నేను ఆమెను కూసోబెట్టి, మొత్తం పాట వినిపిస్త."

"ఊఁ," అంది సంధ్యారాణి.

"అప్పటిదాకా..." అరుణ ఆరో వరస మీద ఆగిపోయింది. గురువారం ఇది అర్థం కాక వదిలేసిన వరస. మీరు కూడా గుట్టకు పోవద్దు అని ఉన్నట్టు తోచింది అప్పుడు. ఇప్పుడు అర్థమైంది. చదవలేకపోయింది. పుస్తకం తేజస్వినికి ఇచ్చింది.

తేజస్విని చూసి పెదవి కొరుక్కుంది. చదివింది.

"అప్పటిదాకా మీరెవ్వరూ కొండెక్కొద్దు."

ఏడో వరస పేరు.

*

కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

ముందు ఏడుపు మొదలుపెట్టింది సంధ్యారాణి కాదు. సోమమ్మ మొదలుపెట్టింది. "అయ్యో బిడ్డా, అయ్యో బిడ్డా," అంటూ మంచం దిగి వచ్చి ఆమె పక్కన కూలబడింది. అప్పుడు సంధ్యారాణి ఆ ముసలి భుజం మీద తల పెట్టింది. ఆస్పత్రిలో ఏడవలేదని, పదో రోజున కూడా ఏడవలేదని మృదుల వాళ్ళ వీధిలో చెప్పుకున్నారు. ఆ ఏడుపంతా అక్కడ, కర్మన్‌ఘాట్ పెంట్‌హౌస్‌లో, పరాయి మనుషుల మధ్య బయటికి వచ్చింది. "రెండు రోజులు... రెండు రోజులు పడుకోబెట్టానండీ పెద్దమ్మా... జ్వరం కాదు, నిద్రలేక అన్నాను..." అంతకన్నా మాటలు రాలేదు.

అయిదు దాటాక ఆమె మొహం కడుక్కుని వచ్చింది.

"ఆ పాట ఏది?" అని అడిగింది. "పదింటికి నేను ఆపేసేది. మొదట్లో వానచప్పుడు ఉంటుంది."

అరుణకు తెలుసు. ల్యాంటర్న్ సిక్స్ ఆరుగురూ కలిసి పాడిన ఆఖరి పాట. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు. ఆఖరి చరణం హాజున్ ఒక్కడే పాడతాడు.

తేజస్విని ఫోన్ మధ్యలో పెట్టింది. వానచప్పుడు మొదలైంది.

సంధ్యారాణి బాసింపట్టు వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, పూజలో కూర్చున్నట్టు కూర్చుంది. ఎక్కడ వరకు తెలుసో ఆమె మొహంలో కనబడుతూనే ఉంది. మొదటి చరణానికి తల చిన్నగా ఊగింది. రెండో చరణం మధ్యలో అది ఆగింది. అక్కడి నుంచి కొత్త. అంతకు ముందు ఆమె ఎప్పుడూ దాటని చోటు అది. కళ్ళు మూసుకుంది.

అరుణ సెకన్లు లెక్కపెడుతోంది. మూడు నిమిషాలు. మూడు నిమిషాల పది. మూడు ఇరవై. వాద్యాలన్నీ తగ్గాయి. వెళ్ళిపోయినవాడి గొంతు ఒక్కటే వినబడటం మొదలైంది.

సంధ్యారాణి కళ్ళు తెరిచింది. ముందుకు వంగింది. బొటనవేలితో పాట ఆపేసింది.

తేజస్విని ఉలిక్కిపడింది. "అయ్యో ఆంటీ, ఇంకా నలభై సెకన్లే ఉందండీ! పెట్టనా?"

"వద్దమ్మా."

"ఎందుకాపినవ్ బిడ్డా?" అంది సోమమ్మ. "మంచిగనే పాడుతుండె గద పోరడు."

సంధ్యారాణి ఫోన్ మీద వేలు అలాగే ఉంచింది. తెర మీద చిన్న గీత, చివరిదాకా రాకుండా ఆగిపోయి ఉంది.

"అప్పటిదాకా కొండెక్కొద్దంది కదా, పెద్దమ్మా," అంది.

అరుణ పుస్తకంలో రెండు వందల పన్నెండో పేజీలో రిబ్బను పెట్టి మూసింది. నోట్‌బుక్‌లోని పేజీలు రెండు చింపి, మడిచి, ఎక్కడ పారెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. సంధ్యారాణి ఆ చేతిలోంచి వాటిని తీసుకుంది. చదవలేదు. తన సంచిలో, ఖాళీ డబ్బా పక్కన పెట్టుకుంది.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ వెనక్కి తిరిగింది.

"వచ్చే ఆదివారం ఎన్నింటికమ్మా?"

మూడు నెలలుగా ఆమెకు తెలిసిన వేళే అది.

"నాలుగింటికే ఆంటీ," అంది అరుణ.